రోజుకి రెండు, భోజనం తర్వాత

మందుల షాపులో పద్దెనిమిదేళ్లుగా పని చేస్తున్న అతన్ని వీధిలో అందరూ కాంపౌండరనే పిలుస్తారు. నిజానికి అతనికి ఇంజెక్షన్ చెయ్యడం రాదు, కట్టు కట్టడం రాదు. డాక్టర్ల గిలుకుడు రాతలు చదివి, అరలోంచి సరైన డబ్బా తీసి, "రోజుకి రెండు, భోజనం తర్వాత" అని చెప్పి పంపడం, అంతే అతని పని. నలభై ఆరేళ్లొచ్చాయి. పెళ్లి కాలేదు. చేసుకోనని పంతం పట్టింది లేదు. మంచం పట్టిన తల్లిని చూసుకుంటూ ఉండగానే ఆ వయసు కాస్తా జారిపోయింది. ఆవిడా పోయి మూడేళ్లు. షాపు మీదే గది. మెట్లు దిగితే పని, మెట్లెక్కితే మంచం. ఈ రెంటికీ మధ్య మనిషంటూ ఎవరైనా ఉన్నారంటే అది ఎదురు కొట్టులో టైలరమ్మే.

ఆమె కొత్త బట్టలు కుట్టదు. ఉన్నవాటిని సరిచేస్తుంది. పొడుగైతే మడిచి కుడుతుంది, బిగుతైతే కుట్టు విప్పి వదులు చేస్తుంది. నలభై దాటింది. భర్త పోయాడు, పిల్లల్లేరు. భారీ మనిషి. మెడలో టేపు, చేతులకి సుద్ద. నవ్విందంటే వీధి ఈ కొస నుంచి ఆ కొసకి వినపడాల్సిందే.

తల్లి పోయిన కొత్తలో ఆవిడ బట్టలు ఎవరికైనా ఇచ్చేద్దామని అతను మూట కట్టి ఆమె దగ్గరికి తీసుకెళ్లాడు. ఆమె మూట విప్పి, ఒక్కొక్కటే చూసి, ఒక శాలువా పక్కన పెట్టింది.

"ఇది మాత్రం ఇవ్వకండి కాంపౌండర్ గారూ. ఈ చిరుగు నేను కుట్టిపెడతాను. చలికి మీరే కప్పుకోండి."

అంతే అంది. అంతకుముందు పరామర్శకి వచ్చినవాళ్లు చాలా పెద్ద మాటలే చెప్పారు గానీ, అతనికి ఏడుపొచ్చింది మాత్రం ఆ మాటకి. ఆ వారం నుంచి అతని చొక్కాల బొత్తాలు ఊడటం మొదలైంది. వారానికొకటి ఊడేది. అతను చొక్కా పట్టుకుని వెళ్లేవాడు, ఆమె దారం ఎక్కిస్తూ లోకాభిరామాయణం చెప్పేది, అతను స్టూలు మీద కూర్చుని వినేవాడు. చెప్పాల్సిన మాట ఎన్నోసార్లు నోటిదాకా వచ్చింది. వచ్చిన ప్రతిసారీ మింగేశాడు. వాళ్లింట్లో ప్రేమగా మాట్లాడటమంటే "తిన్నావా" అని అడగడమే. నువ్వంటే నాకిష్టమని ఎదురుగా నిలబడి అనడం వాళ్ల నాన్నకీ రాలేదు, తాతకీ రాలేదు.

ఎండలు ముదురుతున్న రోజుల్లో ఓనరు కొత్త సరుకు తెప్పించాడు. ఆకుపచ్చ డబ్బాలు. మూలికలతో చేసిన మాత్రలట, నెలలో సన్నబడతారట, డాక్టరు చీటీ అక్కర్లేదట. కాంపౌండరు డబ్బా నాలుగు వైపులా తిప్పి చూశాడు.

"ఇందులో ఏం కలిపారో రాయలేదండీ."

"మూలికలని రాశారుగా. ఎదురుగా కనపడేట్టు పెట్టు."

పెట్టాడు.

రెండో రోజే టైలరమ్మ వచ్చింది. "అదిగో, ఆ ఆకుపచ్చది ఒకటి ఇవ్వండి."

అతని చెయ్యి ఆగింది. "మీకా?"

"నాక్కాక మీ కౌంటరుకా?" అని నవ్వి, నవ్వు ఆపి, అతని మొహంకేసి చూస్తూ నిలబడింది.

మీకెందుకండీ ఇవి అనాలి. ఆ మాట అంటే ఎందుకక్కర్లేదో కూడా చెప్పాలి. అది చెప్తే మూడేళ్లుగా దాచుకున్నదంతా బయటపడుతుంది. పక్కనే ఓనరు పేపరు చదువుతున్నాడు. అతను డబ్బా తీసి కాగితం సంచిలో వేశాడు.

"రోజుకి రెండు, భోజనం తర్వాత."

"అంతేనా?"

"నీళ్లు బాగా తాగండి."

ఆమె సంచి అందుకుంది. "సరే" అని వెళ్లిపోయింది.

రెండు నెలల్లో ఆమె బట్టలు ఆమే కుట్టి బిగించుకోవాల్సి వచ్చింది. వీధిలో వాళ్లు మెచ్చుకున్నారు. కాంపౌండరుకి మాత్రం ఆమె కళ్ల కింద నలుపు కనపడేది. మధ్యాహ్నం పూట నవ్వు వినపడటం మానేసింది. ఒకరోజు చొక్కా తీసుకెళ్తే, సూదిలో దారం ఎక్కించడానికి ఆమె నాలుగుసార్లు ప్రయత్నించింది.

"చెయ్యి వణుకుతోందండీ మీకు."

"నిద్ర పట్టట్లేదు లెండి. పడుకుంటే గుండె దడదడలాడిపోతోంది. అది సరే, నేనెలా ఉన్నానో చెప్పండి."

"బాగున్నారు" అన్నాడు. ఎప్పుడూ బాగానే ఉన్నారని అతని ఉద్దేశం. ఆమెకి వేరేగా వినపడింది. ఆ మర్నాటి నుంచి రోజుకి మూడు వేసుకుందని అతనికి తర్వాత తెలిసింది.

ఆ రోజే పైకెళ్లి డబ్బా మీదున్న నంబరుకి ఫోన్ చేశాడు. ఎవరూ ఎత్తలేదు. ఓనరుని అడిగాడు. "అమ్మేవాడివా, పరిశోధన చేసేవాడివా?" అన్నాడు ఓనరు. రేపు ఆమెకి చెప్పేద్దామనుకున్నాడు. ఆ రేపు అలా అలా మూడు వారాలు సాగింది.

ఒక మధ్యాహ్నం ఎదురు కొట్టు ముందు జనం గుమిగూడారు. అతను కౌంటరు దూకినంత పని చేసి వెళ్లాడు. ఆమె కుట్టుమిషను పక్కన నేల మీద పడి ఉంది. పెదాలు తెల్లబడ్డాయి. నాడి పట్టుకుంటే కాసేపు పరుగు, కాసేపు ఏమీ లేదు. ఆమె సొరుగులోంచి ఆకుపచ్చ డబ్బా తీసి జేబులో వేసుకుని, ఎవరిదో కారు ఆపి ఎక్కించాడు.

ఆసుపత్రిలో డాక్టరమ్మ అడిగింది. "ఏం మందులు వాడుతున్నారీవిడ?"

అతను డబ్బా తీసి ఇచ్చాడు.

"ఎవరిచ్చారివి?"

"నేనేనండీ. మందుల షాపులో చేస్తాను."

డాక్టరమ్మ డబ్బానీ అతన్నీ మార్చి మార్చి చూసింది. "రక్తంలో పొటాషియం బాగా పడిపోయింది. గుండె లయ తప్పింది. ఇలాంటి వాటిలో గుండెని పరిగెత్తించే మందూ, ఒంట్లో నీరు లాగేసే మందూ కలిపేసి మూలికలని రాస్తారు. తగ్గేది కొవ్వు కూడా కాదు. మీకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది?"

అతను వచ్చి బయట బల్ల మీద కూర్చున్నాడు. ఆమె తరఫున సంతకం పెట్టమని నర్సు కాగితం తెచ్చి, "మీరేమవుతారు?" అని అడిగితే, "ఎదురు షాపండీ" అన్నాడు. నర్సు ఆ కాగితం వెనక్కి తీసుకెళ్లిపోయింది.

మూడో రోజు ఆమెని ఆరు మంచాల వార్డులోకి మార్చారు. అతను వెళ్లి మంచం పక్కన నిలబడ్డాడు. పక్క మంచం ముసలమ్మ చెవులు రిక్కించి వింటోంది. అతను గొంతు తగ్గించలేదు.

"మీరంటే నాకిష్టం. మూడేళ్లుగా. మీరు ఎలా ఉండేవారో అలాగే ఇష్టం. ఆ బొత్తాలు కూడా నేనే..."

"తెలుసు" అంది ఆమె. "ఊడిన దారానికీ బ్లేడుతో కోసిన దారానికీ తేడా తెలియకపోతే నేనేం టైలర్ని?"

అతని చెయ్యి తన చొక్కా బొత్తాం మీదికి పోయింది.

"వారంవారం బొత్తాం తెస్తారు, కుట్టించుకుని పోతారు. నా ఒళ్లు చూసి వెనకాడుతున్నారేమో అనుకున్నాను. ఆ డబ్బా అడిగిన రోజు, వద్దండీ అంటారనుకున్నాను. ఆ ఒక్క మాట అంటే డబ్బా అక్కడే పెట్టేసి వచ్చేదాన్ని. మీరు ఎలా వేసుకోవాలో చెప్పారు."

"తప్పు నాదే."

"ఇప్పటికైనా చెప్పారు, సంతోషం. వినాలని చాలా రోజులే ఉంది." ఆమె ఊపిరి తీసుకోవడానికి ఆగింది. "కానీ కోపంగా ఉంది కాంపౌండర్ గారూ. నా చెయ్యి వణకడం మీరు చూశారు. చూసి, బాగున్నారన్నారు. ఇష్టమున్నవాళ్లు అలా ఎలా ఊరుకుంటారో నాకు అర్థం కావట్లేదు."

ఏం చెప్పినా సాకే అవుతుంది. అతను గ్లాసులో నీళ్లు పోసి దగ్గర పెట్టి వచ్చేశాడు.

ఆ సాయంత్రమే ఆమె అక్క వచ్చింది. వారం తిరక్కుండా చెల్లెల్ని తన ఊరికి తీసుకెళ్లిపోయింది. కొట్టు ఖాళీ చేయించడానికి బావగారు వచ్చి మిషను వ్యానులోకి ఎక్కిస్తుంటే, కాంపౌండరు ఒక చెయ్యి వేశాడు. ఎవరో మంచివాడనుకుని ఆయన థాంక్స్ చెప్పాడు.

మర్నాడు కాంపౌండరు ఆకుపచ్చ డబ్బాలన్నీ అట్టపెట్టెలో సర్ది, మందుల తనిఖీ ఆఫీసుకి తీసుకెళ్లి, జరిగింది రాసి, అమ్మింది తానేనని కూడా రాసి సంతకం పెట్టాడు. ఓనరు మూడు రోజులు అరిచి, నాలుగో రోజు గది ఖాళీ చెయ్యమన్నాడు. ఊరి అవతల ఇంకో షాపులో పని దొరికింది. కొత్త గది కిటికీ తెరిస్తే పక్కింటి గోడ, దాని మీద ఒక నీళ్ల పైపు, అంతే. ఆ వీధిలో అతన్ని ఎవరూ ఏ పేరుతోనూ పిలవరు.

ఒక ఆదివారం, ఆసుపత్రిలో రాసిపెట్టుకున్న ఆమె అక్కగారి నంబరుకి ఫోన్ చేశాడు. పడుకుందన్నారు. పై ఆదివారమూ పడుకుందన్నారు. మూడో ఆదివారం ఆమే ఎత్తింది.

"చెప్పండి."

"ఎలా ఉన్నారు?"

"మెట్లు ఎక్కుతున్నాను. రెండో అంతస్తు దాకా. ఒళ్లు కూడా వచ్చింది."

"మంచిది. అలాగే ఉండండి. మీ గొంతు వింటే నాకు బావుంది. రోజూ గుర్తొస్తున్నారు." ఆ మాటలు అంటున్నప్పుడు అతని చెవులు కాలిపోయాయి. అయినా చివరిదాకా అన్నాడు.

అవతల ఎవరో గిన్నెలు సర్దుతున్న చప్పుడు వినపడింది.

"నేనక్కడికి తిరిగి రాను" అంది.

"రమ్మని అడగడానికి చెయ్యలేదు."

"కోపం పోలేదు ఇంకా."

"ఉండనివ్వండి."

"వచ్చే ఆదివారం చేస్తే ఎత్తుతానని మాటివ్వలేను."

"నేను చేస్తాను" అన్నాడతను.

చేశాడు. ఆమె ఎత్తిన ఆదివారాలూ ఉన్నాయి, ఎత్తనివీ ఉన్నాయి. ఎత్తని రోజు అతను ఫోన్ మంచం మీద పెట్టి, చొక్కా ఉతుక్కుని, ఆ నీళ్ల పైపుకేసి చూస్తూ ఆరేస్తాడు.