సొట్టకు ముగ్గురు సాక్షులు

మ్యూజియంలో లేబుళ్లు రాసే ఉద్యోగం మేనకోడలిది. ఆమెకు ముందు ఆ కుర్చీలో కూర్చున్నాయన ఒక కత్తిని సేనాపతి కత్తి అని రాశాడు. అది నాటకాల కంపెనీదని తేలింది. ఆయనిప్పుడు గోదాములో పెట్టెలకు తాళాలు వేస్తున్నాడు.

రేపు యుద్ధకాలపు వస్తువుల గది తెరుస్తారు. ఒక్క అద్దాల పెట్టెకే ఇంకా లేబుల్ పడలేదు. అందులో ఉన్నది తాతయ్య యుద్ధానికి తీసుకెళ్లిన రేకు వాటర్‌బాటిల్. దానికి ఒక పక్క సొట్ట ఉంది. ఇచ్చింది మామయ్య.

“తూటా తగిలి పడిన సొట్ట అని రాయి,” అన్నాడు మామయ్య, బల్లకు ఎదురుగా కూర్చుని. “ఆ బాటిల్ లేకపోతే మా నాన్న లేడు. ఆయన లేకపోతే నేను లేను, మీ అమ్మ లేదు, నువ్వసలే లేవు. ఇంకేం కావాలే?”

“ఆధారం కావాలి మామయ్యా.”

“మూడు తెచ్చాను.”

సంచిలోంచి ఒక లావు పుస్తకం, పాత వస్తువులు సేకరించేవాళ్ల పత్రిక, పేపర్ కటింగు తీశాడు. మూడింటిలోనూ తూటా ఉంది.

“ముగ్గురూ ఒకే మాట చెబుతుంటే నమ్మవేం? నీకు సంబంధం చూసినప్పుడు కూడా ఇన్ని ఆరాలు తియ్యలేదు.”

“అందుకే ఇప్పుడు తీస్తున్నాను.”

పుస్తకంలో పేజీ అడుగున పత్రిక పేరుంది. పత్రికలో పేపరు పేరుంది.

“ఇవి మూడు కావు మామయ్యా. ఒకరి మాట ఇంకొకరు మోశారు. ఆఖరికి మిగిలింది పేపరు. అందులో ‘కుటుంబ సభ్యులు తెలిపారు’ అని ఉంది. నువ్వేనా?”

“నేనెక్కడ? ఆ వేళ ఊళ్లోనే లేను. పేపర్లో చూశాకే నాకూ తెలిసింది. నాన్న ఇంత సంగతి కడుపులో దాచుకుని పోయాడే అని ఏడ్చాను కూడా.”

“అమ్మ చెప్పిందా?”

“మీ అమ్మ వంటింట్లోంచి బయటికే రాలేదట.”

ఆమె కటింగును వెలుతురులో పెట్టి చూసింది. ఫొటోలో ముందుపళ్లు ఊడిన పిల్ల బాటిల్ పట్టుకుని నిలబడి ఉంది. ఆ గౌను ఆమెదే. సొట్ట ఎలా పడిందని విలేకరి అడగడం గుర్తొచ్చింది. అడిగి, పెన్సిల్ పట్టుకుని ఆగాడు. ఆమె జవాబు కోసం పెద్దవాళ్లెవరూ అంతసేపు ఆగింది లేదు. ఆయన్ని ఉత్త చేతులతో పంపబుద్ధి కాలేదు.

“ఆ కుటుంబ సభ్యులు నేనే మామయ్యా.”

మామయ్య ఫొటోను, ఆమెను మార్చి మార్చి చూశాడు.

“నీకెవరు చెప్పారు?”

“ఎవరూ చెప్పలేదు.”

“మరి నీకెలా తెలిసింది?”

“తెలియలేదు. అల్లి చెప్పాను.”

 మామయ్య అప్పటికే రేపటికి చుట్టాలందరినీ పిలిచాడు, కొత్త చొక్కా కుట్టించుకున్నాడు.

“తూటా కాదని మాత్రం నీకేం తెలుసు?” అన్నాడు చివరికి. “ఏడేళ్ల పిల్లవి.”

తెలియదని ఆమె ఒప్పుకుంది. లేబుల్ రాసింది: ‘సైనికుడి వాటర్‌బాటిల్. యుద్ధకాలం నాటిది. సొట్ట ఎలా పడిందో తెలియదు.’ ఇంకో వాక్యం కలిపేదాకా మామయ్య కుర్చీలోంచి లేవలేదు: ‘తూటా వల్ల కాదనడానికీ ఆధారం లేదు.’ అదీ నిజమే కాబట్టి కలిపింది.

మర్నాడు అద్దాల పెట్టె పక్కన కొత్త చొక్కాతో మామయ్య, ఆయన చుట్టూ చుట్టాలు, ముందు ఒక విలేకరి.

“తూటా తగిలిందంటారా?” అని అడిగింది విలేకరి.

“నేను చెబితే ఇంటివాడి గొప్పలంటారు,” అన్నాడు మామయ్య. “మ్యూజియం వాళ్లు రాసిందే చూడండి. తూటా కాదని ఇంత పరిశోధన చేసి కూడా తేల్చలేకపోయారు.”

విలేకరి రాసుకుంది.

“పరిశోధన చేసిందెవరు?”

“అదిగో, మా మేనకోడలు. చిన్నప్పట్నుంచీ దీనిమీదే పని చేస్తోంది.”

విలేకరి ఇటు తిరిగింది. మేనకోడలు గోదాము దారి పట్టింది, ఎలాగూ వెళ్లాల్సిన చోటు ముందే చూసి పెట్టుకోవడం మంచిదని.