హచ్చొళ్ళి నుంచి వచ్చిన ఒక్క మాట

బళ్ళారి చుట్టుపక్కల మన్ను కూడా బంగారం ధర పలికిన కాలమది. సండూరు కొండల నుంచి ఇనపరాయితో దిగే లారీలు రోడ్డును, చెట్లను, ఆరేసిన బట్టలను ఒకే రంగు చేసి పోయేవి. అలాంటి కాలంలో ఆకాశం చూసే పిచ్చి పట్టినవాళ్ళు ఉండేవారంటే నవ్వొస్తుంది గానీ, ఉండేవారు. మిషను స్కూల్లో సైన్సు చెప్పి రిటైరైన ఆశీర్వాదం సారు వాళ్ళకు పెద్ద. ఆయన దగ్గర చదువుకుని అదే స్కూల్లో టీచరైన లోయిస్ ఆయనకు కుడిచెయ్యి.

వాళ్ళ పని ఏమిటంటే, ఆకాశంలో తిరిగే చిన్న రాయి ఏదైనా ఒక చుక్కకు అడ్డమొస్తే ఆ చుక్క క్షణం పాటు ఆరిపోతుంది. అది ఎంతసేపు ఆరిందో చూసి చెబితే, బెంగుళూరులో పెద్ద చదువులవాళ్ళు ఆ రాయి ఎంతుందో లెక్క కడతారు. చూడాలంటే ఆకాశం తేటగా ఉండాలి కదా, అందుకని లోయిస్ ముందుగా ఊరూరికీ ఫోను చేసి అడిగేది. హచ్చొళ్ళిలో మహాదేవికి చేస్తే ముందు వరినాట్ల సంగతి, అత్తగారి మోకాళ్ళ సంగతి, ఆ తర్వాతే ఆకాశం. ఇద్దరూ టీచరు ట్రైనింగు హాస్టల్లో ఒకే కంచంలో తిన్నవాళ్ళు. పెళ్ళయి పొలం పనిలో పడిపోయిన మహాదేవిని చుక్కల్లోకి లాక్కొచ్చింది లోయిసే.

సారుకు కళ్ళు మసకేశాయి. ఇక పెద్దరికం లోయిస్‌దే అని అందరూ అనుకున్నారు. లోయిస్ కూడా అనుకుంది, అనుకోకుండా ఎలా ఉంటుంది? చర్చి వెనక హాల్లో అందరూ కూర్చున్న రోజు సారు గొంతు సవరించుకుని టోనీ పేరు చెప్పాడు. టోనీ ఒక గని కంపెనీలో ఇంజనీరు. యజమానిని మెప్పించి కొత్త టెలిస్కోపు తెచ్చాడు.

"ఆడమనిషివి, ఇంటి పని, బడి పని. నీకెందుకమ్మా ఈ తలనొప్పి? నీ మేలుకే చెప్తాండా," అన్నాడు సారు లోయిస్‌తో.

లోయిస్ నవ్వి, టీ గ్లాసులు అందించింది. ఆ నవ్వు ఇంటికెళ్ళేదాకా మొహాన అంటుకునే ఉంది, తీసేసుకోవడం తెలియలేదు. పెద్దరికం పోతే పోయింది, తన మాటకు విలువుంటే చాలని సర్దిచెప్పుకుంది.

టోనీ మొదట చేసిన పని ఫోన్లు మాన్పించడం. "ఇంక మెసేజే. ఒకటే మాట. ఆయమ్మ అత్త మోకాళ్ళు మనకేంటికక్కా?" అన్నాడు. అందరూ నవ్వారు.

"ఒక్కో పక్క ఒక్కో మాట ఉంటాదప్పా," అంది లోయిస్.

"నాకు తెలుగు వస్తాది, కన్నడ వస్తాది. ఇంకేం కావల్ల?"

ఒక మంచి చుక్కకు రాయి అడ్డమొచ్చే సాయంత్రం వచ్చింది. ఆ రాయి మళ్ళీ ఈ దారికి ఎవరి ఆయుష్షులోనూ రాదట. ఉన్నది ఒక్క టెలిస్కోపు. దాన్ని హచ్చొళ్ళికి తీసుకుపోవాలా, సండూరుకా? జీపు దగ్గర నిలబడి టోనీ ఫోను చూశాడు. సండూరులో ఆకాశం చూసి చెప్పే పక్కీరప్ప 'పర్వాలేదు' అని పెట్టాడు. మహాదేవి 'ముగిలు' అని పెట్టింది.

"హచ్చొళ్ళిలో మొగులంట. సండూరుకు నడువప్పా," అన్నాడు టోనీ డ్రైవరుతో.

బళ్ళారి తెలుగిళ్ళలో మొగులంటే మబ్బే. హచ్చొళ్ళి పక్క కన్నడంలో ముగిలంటే ఆకాశం. హాస్టల్ మిద్దె మీద పడుకుని మహాదేవి "ముగిలు నోడక్కా" అన్నప్పుడల్లా, మబ్బెక్కడుందా అని వెతికి వెతికి నేర్చుకున్న మాట అది లోయిస్‌కు.

"టోనీ, అది మబ్బు కాదప్పా. ఆ పక్క ముగిలంటే ఆకాశం. బాగ కనపడతాందని చెప్తాండాది. ఒక్క ఫోను చేద్దాం."

"ఇప్పుడు ఫోను చేస్తే ఆయమ్మ వరి కోసి, దంచి, వండి పెట్టేదాకా ఇడ్సదు," అన్నాడు టోనీ. జీపులో నవ్వులు.

లోయిస్ సంచిలోంచి తన ఫోను తీసింది.

"సుమ్నే ఉండమ్మా, ఊరుకో," అన్నాడు ఆశీర్వాదం సారు మెల్లగా. "కొత్తగా పెద్దరికం తీసుకున్న పిల్లోడు. అందరి ముందర వాని మాట తీసెయ్యాకు."

లోయిస్ ఫోను మళ్ళీ సంచిలో పడేసింది.

సండూరులో లారీల దుమ్ము ఆకాశానికి ఎర్రటి దుప్పటి కప్పి ఉంది. టెలిస్కోపుకు ఏ చుక్కా చిక్కలేదు. దాన్ని మళ్ళీ జీపులో కట్టుకుని తిరిగొచ్చారు.

బెంగుళూరువాళ్ళు ఏమైందని అడిగితే, హచ్చొళ్ళి నుంచి తప్పు కబురొచ్చిందని టోనీ జవాబిచ్చాడు. తర్వాతి ఆదివారం హాల్లో ఆ మాటే చెప్పి, తనకు కంపెనీలో పని పెరిగిందన్నాడు. "ఇంక పెద్దరికం అక్కే చూసుకుంటాది. కానీ తప్పు చెప్పేటోళ్ళు మనకొద్దు. మహాదేవిని తీసేస్తేనే టెలిస్కోపు ఈడుంటాది. ఇచ్చినోళ్ళకు నేను జవాబు చెప్పుకోవల్ల గదా."

అందరూ చప్పట్లు కొట్టారు. "నీ దినమూ వస్తాదని నాకు తెలుసమ్మా," అన్నాడు సారు, మసక కళ్ళు తుడుచుకుంటూ.

లోయిస్ వద్దనలేదు. అన్నేళ్ళు కావాలనుకున్నది చేతిలో పెడితే వద్దనడానికి నోరు రాలేదు. ఇంటికొచ్చి మహాదేవికి ఫోను చేసి, పెద్దరికం తనకొచ్చిందని చెప్పింది.

"నువ్వు పెద్దదానివైతివా అక్కా!" మహాదేవి సంతోషం పట్టలేకపోయింది. "ఎట్లయినా నీకే రావల్ల అది. ఆ పొద్దు మీరు రాకపోతిరి గానీ, ముగిలు ఎంత బాగుండెనో!"

"మహాదేవీ, ఇంక నువ్వు మాకు కబురు పెట్టే పని లేదే. మా వాళ్ళు నువ్వు మబ్బని చెప్పినావంటాండారు."

అవతల మహాదేవి చేట కింద పెట్టిన చప్పుడైంది.

"నీకు అర్థం కాలేదా అక్కా, ముగిలంటే?"

"అయింది."

"మల్ల చెప్పకపోతివా?"

"చెప్తి."

"ఎట్ల చెప్తివి?"

లోయిస్ ఫోను ఆ చెవి నుంచి ఈ చెవికి మార్చుకుంది. మహాదేవి ఫోను కట్ చెయ్యలేదు, ఎక్కడో పెట్టేసి పోయినట్టుంది. ఆరబోసిన వడ్ల మీది నుంచి కోళ్ళను అదిలిస్తున్న ఆమె గొంతు దూరంగా వినిపిస్తోంది. మళ్ళీ వచ్చి తీస్తుందేమోనని లోయిస్ ఫోను చెవికి ఆనించుకుని అలాగే కూర్చుంది.