బుడగ చప్పుడు

బీరువాల షెడ్డులో పాతికేళ్లుగా రేకులు కొడుతున్నవాణ్ణి పేరు పెట్టి పిలిచేదెవరు? అందరికీ ఆయన మేస్త్రే. చేతిలో పనితనం ఉంది, నోట్లో గొప్పలు అంతకన్నా ఎక్కువే ఉన్నాయి. "నా బండికి ఇంధనం నేనే వండుకుంటా" అని షెడ్డులో అన్నప్పుడు అందరూ పగలబడి నవ్వారు. కొన్నాళ్లకు వాళ్లే ఆయన పెరట్లో నోళ్లు వెళ్లబెట్టుకుని నిలబడ్డారు.

వంటగది వెనక రేకుల పంచలో ఉంది ఆ హంగామా అంతా. మిద్దె మీది సోలార్ పలకల నుంచి కరెంటు దిగుతుంది. కాస్టిక్ సోడా కలిపిన నీళ్ల తొట్టిలో వరసగా నిలబెట్టిన స్టీలు పలకలకు అది తగలగానే నీళ్లు విడిపోయి, ఒక గొట్టంలోకి హైడ్రోజన్, ఇంకో గొట్టంలోకి ఆక్సిజన్ బుసబుసా పొంగుతాయి. హైడ్రోజన్ పోయి నీళ్లలో బోర్లించిన డ్రమ్ములో చేరుతుంది. అక్కణ్ణుంచి చిన్న కంప్రెసర్ దాన్ని బండి ట్యాంకులోకి ఎక్కిస్తుంది. మేస్త్రి స్కూటరూ, బామ్మర్ది సామాన్లు తోలే మూడు చక్రాల బండీ దాంతోనే నడిచేవి. బామ్మర్దికి బావంటే దేవుడు. బావ మాట నమ్మి, గోడౌనులో ఉద్యోగం మానేసి మరీ బండి కొన్నాడు.

ట్యాంకులోకి ఎక్కించే ముందు ఒక పరీక్ష ఉంది. గరిటెలో సబ్బునీళ్లు పోసి, గొట్టంతో ఒక బుడగ లేపి, దూరం నుంచి పొడుగాటి పుల్లతో అంటించాలి. గ్యాసు స్వచ్ఛంగా ఉంటే బుడగ 'టుప్' అని మెత్తగా ఆరిపోతుంది. అందులో ఆక్సిజన్ కలిసిందంటే కీచుమని అరుస్తుంది. అరిచిందా, ఆ గ్యాసంతా పైకి వదిలేయాల్సిందే. కంప్రెసర్‌లోకి పంపితే ఇంట్లో బాంబు పెట్టుకున్నట్టే. ఈ సంగతి ఇంటికొచ్చినవాళ్లందరికీ మేస్త్రే చేతులు తిప్పుతూ చెప్పేవాడు.

ఎవరికీ చెప్పని సంగతి ఇంకొకటుంది. మూడేళ్లుగా ఆయనకు సన్నటి చప్పుళ్లేవీ వినపడవు. సుత్తిదెబ్బలు చెవుల్ని తినేశాయి. మొదట కుక్కర్ విజిల్ పోయింది, తరవాత ఫోను మోత, ఆపైన మనుషుల మాటలు గొణుగుడులా మారాయి. ఎదుటివాళ్ల పెదాలు చూసి నెట్టుకొస్తున్నాడు. షెడ్డులో ఎలాగూ అందరూ గొంతు చించుకునే మాట్లాడతారు. ఇంట్లో అర్థం కానప్పుడల్లా "ఆఁ, సరే సరే" అంటాడు. మొగుళ్లంతా అనే మాటే కాబట్టి భార్యకు అనుమానం రాలేదు. చెవుడని తెలిసిందంటే ఆమె ఆ పూటే తొట్టి మూయించేస్తుంది. జీవితంలో నలుగురూ మెచ్చుకున్న పని అదొక్కటే, అది పోతే తను మళ్లీ ఉత్త రేకులు కొట్టేవాడు. అందుకని ఒక ఉపాయం పన్నాడు. పుల్ల వెలిగించే ముందు భార్యను కేకేసేవాడు. బుడగ అంటుకోగానే ఆమె ముఖంలోకి చూసి, "ఏమంటావ్?" అనేవాడు.

"బాగుందండీ, బాగుంది. నా సర్టిఫికెట్ లేందే మీకు పొద్దు గడవదా?" అని ఆమె మూతి తిప్పుకుని వెళ్లేది. ఆయన నిశ్చింతగా కంప్రెసర్ ఆన్ చేసేవాడు.

ఆ రోజు పొద్దున్నే ఇద్దరికీ చెడింది. మేస్త్రి తొట్టి విప్పి కాస్టిక్ నీళ్లు మారుస్తుంటే, పంచలో ఆరేసిన ఆమె కొత్త చీర మీద చిందాయి. చీర జల్లెడైంది.

"ఉన్న బట్టలన్నీ మీ తొట్టికే బలివ్వండి!" అని ఆమె గయ్యిమంది.

"అక్కడ ఆరెయ్యొద్దని నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పలా?" అన్నాడాయన.

ఆ విసురులోనే బోల్టులు బిగించాడు. లోపల రెండు గ్యాసుల్నీ విడదీసే రబ్బరు పక్కకు జరిగిన సంగతి చూసుకోలేదు. ఆమె మిగతా బట్టలు పట్టుకుని పెరట్లో తీగ దగ్గరికి పోయింది.

కాసేపటికి బామ్మర్ది బండి తెచ్చి పంచ పక్కన పెట్టాడు. "బావా, తొందరగా కానీ. రెండు ఫ్రిజ్‌లు దించి రావాలి" అని, మంచినీళ్లు తాగడానికి ఇంట్లోకి వెళ్లాడు.

మేస్త్రి గరిటె తీసుకుని భార్యను పిలిచాడు. ఆమె వెనక్కి తిరగలేదు. బుడగ లేపి అంటించాడు. చిన్న మెరుపు మెరిసింది. ఆయనకేమీ వినపడలేదు, ఎప్పుడు వినపడింది గనక!

"ఏమంటావ్?" అని అడిగాడు.

ఆమె దుప్పటి దులుపుతూ అటే నిలబడి ఉంది. ఇంకా అలక తీరలేదనుకున్నాడు. తేడా ఉంటే ఇంత నిమ్మళంగా బట్టలు ఆరేసుకుంటుందా? దగ్గరికెళ్లి ముఖం చూసి అడగడానికి అహం అడ్డొచ్చింది. "ఆఁ, సరే సరే" అన్నాడు అలవాటుగా.

బామ్మర్ది మూతి తుడుచుకుంటూ వచ్చాడు.

"గొట్టం తగిలించి ఆన్ చెయ్యరా. నేను పైకెళ్లి పలకలు తుడిచొస్తా" అన్నాడు మేస్త్రి.

ఆయన మెట్ల మీద ఉండగా గుండెల మీద ఎవరో గుద్దినట్టయింది. కిందపడి, లేచి చూసేసరికి పంచ లేదు. రేకులు వీధిలో పడున్నాయి. బామ్మర్ది బండి పక్కన బోర్లా పడి ఉన్నాడు. ఆసుపత్రికి చేర్చేలోపే ప్రాణం పోయింది.

ఆసుపత్రి వరండాలో భార్య ఆయన చొక్కా పట్టుకుని కుదిపేసింది. ఆమె పెదాలు చూడాలంటే భయమేసింది. అయినా చూశాడు.

"అరిచిందని చెప్పానుగా! వద్దండీ, వదిలేయండని చెప్పానుగా! సరే సరే అన్నారుగా! నా తమ్ముణ్ణి పొట్టన పెట్టుకున్నారు!"

అప్పుడు కూడా దాచుకుందామనే అనిపించింది ఆయనకు. అలా అనిపించినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

"నాకు వినపడలేదే."

"పెరట్లో పక్కనే ఉన్నారు, ఎందుకు వినపడదు?"

"వినపడదు. మూడేళ్లయింది. ఆ బుడగ చప్పుడూ వినపడదు. అందుకే రోజూ నిన్ను పిలిచేవాణ్ణి."

చొక్కా మీద ఆమె పట్టు సడలింది. గోడ పక్క బెంచీ మీద కూలబడింది. కాసేపటికి పెదాలు కదిలాయి. ఆయన వంగి, కళ్లు తుడుచుకుని చూశాడు.

"నేనేనాడు విన్నానండీ? అటు పొయ్యి మీద గిన్నె మాడుతుంటే మీరు ఇటు పిలిచేవాళ్లు. మీరు వింటున్నారు కదా అని, బాగుందనేసి పోయేదాన్ని."

మేస్త్రి ఆమె పెదాల వంకే చూస్తున్నాడు.

"ఇవాళ ఒక్కరోజే విన్నాను," అంది ఆమె. "మీ మీద కోపంతో, ఎక్కడ తప్పు దొరుకుతుందా అని చెవులు రిక్కించి విన్నాను."