పేలని తూటా

బూడిదను ఇత్తడిలోనే పెట్టాలని లచ్చన్న పట్టుబట్టకపోతే ఇంత జరిగేది కాదు.

అతని తమ్ముడు నర్సింగ్ అరబ్బు దేశంలో, షినాస్ రేవులో చేపల పడవ మీద పనిచేసేవాడు. ఒకనాడు అలల్లో పడిపోయాడు. ఆలస్యంగా ఒడ్డుకు చేరిన దేహం ఇంటికి పంపే స్థితిలో లేదని డాక్టర్లు చెప్పారు. దహనం అక్కడే అయింది. పడవల దగ్గరివాళ్ళు అస్థికలను అదే సముద్రంలో కలిపేశారు. తమ్ముణ్ణి మింగిన నీళ్ళకే తమ్ముణ్ణి మళ్ళీ అప్పజెప్పడం లచ్చన్నకు మనసొప్పలేదు. ఊళ్ళో మరదలు సుమలతదీ అదే మాట.

"బావా, చిటికెడన్న తీస్కరా. కందకుర్తి కాడ గోదాట్ల కలుపుదం. గా సముద్రం మనది గాదు."

దహనం చేసిన చోట మిగిలిన చిటికెడు బూడిదను కాగితంలో కట్టుకుని లచ్చన్న తనుండే బర్కాకు తిరిగొచ్చాడు. వాళ్ళ వైపు అస్థికలు మట్టి ముంతలోనో, ఇత్తడి చెంబులోనో పెడతారు. మట్టిది దారిలో పగులుతుంది. అతను పనిచేసే ఖర్జూర తోటలో గిన్నెలన్నీ స్టీలు, డబ్బాలన్నీ ప్లాస్టిక్కు. ఇత్తడి అన్నది ఒక్కచోటే ఉంది, ముసలి యజమాని రషీద్ తూటాల పెట్టెలో.

రషీద్ దగ్గర తాతల నాటి మార్టినీ తుపాకీ ఉంది. దానికి సరిపడే తూటాలు చేయడం లోకం ఎప్పుడో మానేసింది. అందుకని పాత ఇత్తడి గొట్టాలనే జాగ్రత్తగా మళ్ళీ మళ్ళీ నింపుకుంటాడు. పెళ్ళిళ్ళలో మగవాళ్ళు వరుసకట్టి పాడుతూ కత్తులు తిప్పుతుంటే ఆయన గాలిలోకి పేలుస్తాడు. గుండు ఉండదు, ఉత్త మోతే. గొట్టంలో మందు పోయడం రషీద్ వంతు. పైన ఖర్జూరపు పీచు కుక్కి మైనం పూయడం లచ్చన్న వంతు.

"అర్బాబ్, ఖాళీది ఒకటి ఇయ్యి" అని యజమానిని అడిగితే, సంగతి తెలిసిన ముసలాయన పెట్టెలోంచి మంచిది ఏరి చేతిలో పెట్టాడు. బొటనవేలికన్నా లావు. మూతి దగ్గర సన్నబడి సీసాలా ఉంది. అడుగున, మందును రాజేసే టోపీ మీద తుపాకీ సూది కొట్టిన గుంట. లచ్చన్న దాన్ని చింతపండుతో తళతళలాడేలా తోమాడు. బూడిద పోశాడు. ఒలికిపోకుండా, చేతికి అలవాటైన తీరునే, పీచు కుక్కి మైనం పూశాడు. ఎర్రగుడ్డలో చుట్టి చేతిసంచిలో పెట్టుకున్నాడు. అస్థికలను పెద్ద సామాన్లలో పడేయకూడదు కదా.

ఊరికి బయల్దేరిన నాడు విమానాశ్రయంలో సంచి తనిఖీ యంత్రంలోకి పోయింది, బయటికి రాలేదు. కాసేపటికి లచ్చన్నను పక్కగదిలో కూర్చోబెట్టారు. భాష కోసం అక్కడ నేల తుడుస్తున్న యాకూబ్‌ను పిలిచారు. అతనిది కడప.

"ఏమన్నా, ఊర్లో పెండ్లి పెట్టుకున్యావా, తూటా తీసకపోతాండావు?" అన్నాడు యాకూబ్ నవ్వుతూ.

"తూటా గాదు తమ్మీ. మా తమ్ముడు."

యాకూబ్ నవ్వు ఆగిపోయింది. చీపురు గోడకు ఆనించి దగ్గరికొచ్చి, అంతా విన్నాడు.

ఇంతలో తుపాకుల సంగతి తెలిసిన పెద్ద ఆఫీసరు వచ్చాడు. నెరిసిన గడ్డం. బల్ల మీది తూటాను చూడగానే ముఖం మెత్తబడింది. తన తండ్రికీ ఇదే తుపాకీ ఉండేదట. వేలితో తాకకుండా వంగి చూసి, మార్టినీదనీ, పెళ్ళి తూటా అనీ చెప్పాడు. రెండూ నిజమే.

లచ్చన్నకు ప్రాణం లేచొచ్చింది. "టోపీ మీద గుంట సూడున్రి సార్. గిది పేలిపోయిన తూటా. లోపల మందు లేదు."

"ఇవన్నీ నీకెట్లా తెలుసని అడుగుతాండాడు" అన్నాడు యాకూబ్.

"నేనే నింపుత గద."

"అది నేను చెప్పనన్నా. తూటాలు నింపేది నేనే అని చెప్తే నీ ఫ్లైటు సంగతి దేవుడెరుగు, నన్ను గూడా నీ పక్కనే కూచోబెడతారు."

లచ్చన్న ఆగలేకపోయాడు. వచ్చీరాని హిందీలో తనే చెప్పేశాడు. హిందీ ఆఫీసరుకూ వచ్చు. ఆయన కుర్చీ లాక్కుని, అతన్ని కొత్తగా చూసినట్టు చూశాడు. ఆ తరవాత నిదానంగా చెప్పాడు. గుంట ఉన్న తూటా రెండు రకాలు. ఒకటి పేలింది. రెండోది కొట్టినా పేలనిది. పేలినదైతే మూతి తెరుచుకుని ఉండాలి. దీనికి పీచుంది, మైనముంది. అంటే ఇది పేలని తూటా. అన్నిటికన్నా చెడ్డది.

ఆ కుర్చీలో లచ్చన్న కూర్చున్నా అదే మాట అనేవాడు.

"బూడిద సార్. మా తమ్ముని బూడిద."

"అబద్ధమని నేననను" అన్నాడు ఆఫీసరు. "కానీ మందుకు జాలి ఉండదు."

యాకూబ్‌ను బకెట్‌తో నీళ్ళు తెమ్మన్నాడు. ఎందుకో లచ్చన్నకు వెంటనే అర్థమైంది. పేలని తూటాను రషీద్ కూడా నీళ్ళలోనే విప్పుతాడు. తడిసిన మందు చచ్చిపోతుంది.

"నీళ్ళల్ల వద్దు సార్. నేనే ఇప్పుత. మీరు దూరం ఉండున్రి."

"చేతులు పోతాయి."

"నా చేతులే గద."

ఆఫీసరు తల అడ్డంగా ఊపాడు. తూటా నీళ్ళలో మునిగింది. ఆఫీసరు నీళ్ళలోనే కట్టెపుల్లతో మైనం గీకేసి, పీచు లాగాడు. బూడిదరంగు మబ్బులా పైకి లేచి, బకెట్ అంతా పరుచుకుంది. తుపాకీ మందు తడిసినా అదే రంగు. ఆఫీసరు తలూపి గొట్టాన్ని బయటికి తీశాడు. నీళ్ళు పారబోయమని సైగ చేశాడు. రోజూ చేసే పనే కనుక యాకూబ్ బకెట్ ఎత్తి మూలనున్న తూములో వంచేశాడు. అంతా రెప్పపాటులో అయిపోయింది. లచ్చన్న గొంతులోంచి మాట వచ్చేసరికి బకెట్ ఖాళీ.

ఆఫీసరు గొట్టం అంచున అంటిన దాన్ని రెండు వేళ్ళతో నలిపి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. తుపాకీ మందుకు గంధకం వాసన ఉంటుంది. దీనికి ఏ వాసనా లేదు. మళ్ళీ చూశాడు. వేళ్ళను అలాగే గాల్లో పట్టుకుని ఉండిపోయాడు. కడుక్కోవాలో వద్దో ఆయనకు తెలియలేదు. పెదవుల మీద చనిపోయినవారి కోసం చదివే ప్రార్థన మెదిలింది.

యాకూబ్ తూము దగ్గర గొంతుక్కూచున్నాడు. "నాకు తెలీలేదన్నా" అన్నాడు, అటే చూస్తూ.

లచ్చన్న లేచి, ఎర్రగుడ్డ కొసతో ఆఫీసరు వేళ్ళు ఒక్కొక్కటే తుడిచాడు. ఆయన చెయ్యి వెనక్కి తీసుకోలేదు. ఇత్తడి గొట్టం మాత్రం ఇవ్వడానికి వీల్లేదన్నాడు. ఖాళీదైనా తూటా తూటాయే. ఇక వెళ్ళవచ్చని చెప్పి, తలుపు దాకా వచ్చి నిలబడ్డాడు.

విమానం ఎక్కే వరుసలో ఉండగా సుమలత ఫోన్ చేసింది.

"బావా, పంతులుకు చెప్పిన. రేపు పొద్దుగాల్నే అందరం కందకుర్తికి పోదం. ఇత్తడి చెంబు తోమి దేవుని కాడ పెట్టిన. పిల్లగాడు దాన్ని ఇడుస్తనే లేడు. నర్సింగును పైలంగ పట్టుకున్నవా?"

లచ్చన్న జేబులోని గుడ్డను తడిమాడు. తడి తగిలింది. అది బూడిదో, ఉత్త నీళ్ళో వేలికి తెలియలేదు.

"ఇనొస్తలేదా బావా?"

"ఇనొస్తుంది" అన్నాడు. "నేనొస్తున్న."

"నువ్వొస్తున్నవని ఎరికే. నేనడిగేది ఆయన సంగతి."

వరుస కదిలింది. వెనకున్నవాడు భుజం తట్టి పదమన్నాడు. లచ్చన్న ఫోన్ చెవి నుంచి తీయకుండానే ముందుకు నడిచాడు.