చేతులెత్తిన సభ

రహమతున్నీసాకి ఏరియా ప్రతినిధి పదవి అడక్కుండానే వచ్చింది. పత్తి మిల్లు వెనక వీధుల్లో ఆమె జాకెట్టు కుట్టని ఇల్లు లేదు. మునిసిపాలిటీ వాళ్లు వచ్చి, ఇకనుంచి ఏ వీధికి ఏం కావాలో మీరే కూర్చుని తేల్చుకోండి, మీ మాటే కౌన్సిల్‌కి వెళ్తుంది అన్నప్పుడు అందరూ ఆమె పేరే చెప్పారు. ఆమె ఆ మాట మనస్ఫూర్తిగా నమ్మింది. మిషను మూసేసి గడప గడపా తిరిగింది.

"మన సంగతి ఎవరో ఎందుకు తేల్చాలి? మనమే తేల్చుకుందాం. రండి," అని అందరినీ పిలిచింది.

చర్చి సందులో మాత్రం జయకుమారి తల అడ్డంగా ఊపింది.

"సోమవారం పదకొండింటికి సభంటే ఎట్టా కుదురుద్దక్కా? మిరపకోతలు ముమ్మరంగా ఉండాయి. తెల్లారకముందే ఆటో వచ్చుద్ది. మానితే మేస్త్రి ఇంకొకళ్లని ఎక్కించుకుంటాడు."

సభ సాయంత్రం పెట్టమని రహమతున్నీసా మునిసిపల్ ఆఫీసరుని అడిగింది. ఆయన కుర్రవాడు, మర్యాదస్తుడు. "ఆఫీసు టైంలోనే జరపాలమ్మా, నా చేతుల్లో లేదు," అన్నాడు. చివరికి ఆమె మాట కాదనలేక జయకుమారి ఒక్కతే కోత మానుకుని వచ్చింది.

సభ మునిసిపల్ స్కూలు వరండాలో జరిగింది. అందరూ మురుక్కాలవ గురించి అడుగుదామని వచ్చారు. ఆఫీసరు ముందుగా చెత్త షెడ్డు సంగతి ఎత్తాడు. ట్రాక్టర్లు చెత్త దింపడానికి ఈ ఏరియాలోనే చోటు కావాలి. రెండు చోట్లు చూశారు. ఒకటి మిల్లు గోడ పక్కన, రహమతున్నీసా వాళ్ల వీధి మొదట్లో. రెండోది చర్చి సందు వెనక ఖాళీ స్థలం.

"ఆ స్థలం ఊరికేనే పడుందిగా," అన్నాడు యలమందయ్య. మిల్లులో పనిచేసి మానుకున్న పెద్దాయన.

జయకుమారి లేచింది. "ఊరికే లేదు బాబాయ్. మేం తాలు మిరపకాయలు ఎండబోసుకునేది అక్కడే. గాలొస్తే కంపంతా మా ఇళ్లమీదికే కొడుద్ది. మా అత్త ఉబ్బసం మనిషి, తట్టుకోలేదు."

అందరూ శ్రద్ధగా విన్నారు. ఎవరో ఆమెకి మంచినీళ్లు కూడా అందించారు. తర్వాత ఆఫీసరు చేతులెత్తమన్నాడు. మిల్లు గోడ పక్కన పెట్టాలన్న వాళ్లు జయకుమారి, రహమతున్నీసా, ఇంకో ఇద్దరు ముగ్గురు. చర్చి సందు అనగానే వరండా అంతా చేతులు లేచాయి. రహమతున్నీసా భర్త గౌస్ బాషా కూడా ఎత్తాడు, ఆమెకేసి చూడకుండా.

"సార్, ఆ సందువాళ్లంతా కోతలకి పోయారు. కోతలయ్యాక మళ్లీ అడుగుదాం," అంది రహమతున్నీసా.

"నేను తేల్చింది కాదు కదమ్మా. మీ వాళ్లే తేల్చారు. నేను వద్దంటే ప్రజల మాట తోసేసినట్టు కాదా?"

రహమతున్నీసా ఇంటింటికీ తిరిగి చెప్పిన మాటే అది.

ఇంటికొచ్చాక భర్తని నిలదీసింది. "జయ ముఖం చూసి కూడా చెయ్యెట్టా లేచింది నీకు?"

"లేవకపోతే ఈగలన్నీ మన గుమ్మంలోనే ముసిరేయి. నువ్వు ఏరియాకంతా ప్రతినిధివి. ఈ ఇంటికి ఎవరో ఒకరు ఉండొద్దా?" అన్నాడు గౌస్ బాషా. కోపంగా అనుంటే ఆమె పోట్లాడేది. అతను నెమ్మదిగానే అన్నాడు.

పొద్దుగూకేవేళ ఆమె చర్చి సందుకి వెళ్లింది. అప్పుడే ఆటో దిగిన ఆడవాళ్లు మిరపఘాటుకి మండుతున్న చేతులు కడుక్కుంటున్నారు. సంగతంతా విని ఎవరూ ఆమెని పల్లెత్తు మాట అనలేదు.

"మేమందరం వచ్చినా అంతేలే అక్కా," అంది జయకుమారి. "మీయి నాలుగు వీధులు. మాది ఒక్క సందు."

తిట్టినా బాగుండేదనిపించింది రహమతున్నీసాకి.

ఉగాదిలోపే షెడ్డు లేచింది. తాలుకాయలు ఇళ్ల ముందు రోడ్డుమీదే పోసుకుంటున్నారు. జయకుమారి అత్తకి ఆయాసం ఎక్కువైంది. రాత్రంతా కూర్చునే ఉంటోందని ఆమెని అద్దంకిలో కూతురింటికి పంపేశారు. ముసలామె వెళ్లనని గుంజ పట్టుకుని ఏడ్చింది.

ఎండాకాలంలో రెండో సభ పెట్టారు. పనుల్లేని రోజులు, చర్చి సందు సందంతా వచ్చింది. షెడ్డు తీసెయ్యమని జయకుమారి అడిగింది. ఈసారి యలమందయ్య కూడా, "తీసేస్తే మంచిదే సార్, పాపం," అన్నాడు.

"తీర్మానం కౌన్సిల్‌ది. దాన్ని మార్చడం సభ వల్ల కాదమ్మా," అన్నాడు ఆఫీసరు.

"అప్పుడు సభే తేల్చిందన్నారు గదా?" అని రహమతున్నీసా లేచింది.

"సభ అభిప్రాయం చెప్పింది. అంతవరకే."

ఆయన అబద్ధం చెప్పడం లేదు. అందుకే ఆమెకి కోపం ఎవరిమీద తెచ్చుకోవాలో తెలియలేదు. కూర్చుంది. ఆయన వీధి దీపాల సంగతి మొదలుపెట్టాడు. మధ్యలో లేచి వెళ్తే బాగుండదని చర్చి సందువాళ్లు చివరిదాకా కూర్చున్నారు.

మర్నాడు పొద్దున్నే పక్కవీధి నగ్మా జాకెట్టు గుడ్డ తెచ్చింది.

"ఆపా, మా కుళాయికి నీళ్లు రావట్లేదు. నువ్వు సభలో చెప్తే అయిపోద్ది."

రహమతున్నీసా గుడ్డ అందుకుని కొలత టేపు కోసం వెతికింది.

"చెప్తాలే," అంది.