గాలి ఆగని ఆట

సూరత్ నగరంలో, పర్వత్ పాటియా వెనుక వీధిలోని మరమగ్గాల కార్ఖానాలో రాజనర్సు ప్రతి ఉదయం ఎనిమిది గంటలకు బట్ట చూసే బల్ల ముందు నిలబడేవాడు. బల్ల మీది గాజుపలక కింద తెల్లని దీపం వెలిగేది. మగ్గం దిగిన బట్ట ఆ వెలుగు మీదుగా మెల్లగా జరుగుతుంటే ఆయన కన్ను పడుగును, బొటనవేలు పేకను విచారించేవి. పోగు తెగినచోట, పేక తప్పినచోట, నూనెచుక్క పడినచోట అంచుకు ఒక ఎర్రదారం ముడివేసేవాడు. బట్టను కోసేవాడు కాడు, నేసినవాణ్ణి నిందించేవాడూ కాడు. కొనేవాడు ఆ ముడులు చూసుకొని, మనసైతే తీసుకొనేవాడు. సిరిసిల్ల నుంచి వచ్చిన నాటినుండి ముప్పైయొక్క సంవత్సరాలుగా ఆయన చేస్తున్న పని అది. ఆ పనిలో ఒక కట్టుబాటు ఉంది. లోపానికే గుర్తు, బాగున్నచోట ఏ గుర్తూ ఉండదు. బాగు అనేది కొనేవాని చేతికి తనంతట తానే తెలుస్తుందని ఆ వృత్తివారి విశ్వాసం.

మహమ్మారి వచ్చిన మొదటి ఏడు మగ్గాలు ఆగిపోయాయి. రెండవ ఏడు సగం తిరిగి, సగం ఆగి, కుంటినడక నడిచాయి. పని లేని పూటలలో రాజనర్సు కూతురు సింధూజ పక్కన కూర్చోవడం అలవాటు చేసుకున్నాడు. ఇరవై మూడేళ్ల ఆ పిల్ల ఒక హిందీ వెబ్‌సైటుకు కన్సోల్ ఆటల మీద తీర్పులు రాసేది. కొత్తగా వచ్చిన ఆటను తుదికంటా ఆడి, గుణదోషాలు తరచి, పదికి ఇన్ని మార్కులని తేల్చడం ఆమె పని. ఆటలను కూడా బల్ల మీద వేసి చూస్తారా అని తండ్రి మొదట విస్తుపోయాడు. తరువాత, తన విద్య ఇంట్లోనే నిలిచిందని లోలోపల పొంగిపోయాడు.

ఆడేవారి మనసును పట్టుకున్న ఆట అయితే, దానిలోని వాతావరణం టీవీ అద్దం దాటి ఆ గదిలోకి వచ్చేది. వానల ఆట మొదలుపెట్టే ముందు సింధూజ తల్లి విజయరాణి "జర ఆగు బిడ్డా" అని దండెం మీది చీరలు తీసి లోపల పెట్టేది. ఎడారి ఆట ఆడుతున్న నాడు సాంచ అనే మరమగ్గం నడిపే పక్కింటి కార్మికుడు మొండయ్య చాటెడు మిరపకాయలు తెచ్చి గచ్చు మీద ఆరబోసుకొనేవాడు.

అయితే దోషం లేకపోవడమే చాలదు. వేయిమంది పనివాళ్లు చేసిన ఒక గొప్ప ఆటలో యోధుని తలమీది వెంట్రుకలను సైతం లెక్కపెట్టవచ్చు. కానీ గదిలో ఒక్క దూదిపింజె కదలలేదు. మరొక ఆటలో గుర్రం గోడలెక్కేది, రాజుగారి పెదవులు ఒకటంటే గొంతు మరొకటి పలికేది. అయినా మధ్యాహ్నమంతా లేత ఎండ వచ్చి విజయరాణి పాదాల మీద పడింది.

"దీనికెన్ని ఇచ్చినవ్?" అని అడిగాడు రాజనర్సు.

"ఏడు బాపు. ఆ పెద్ద ఆటకు అయిదు."

"గోడలెక్కే గుర్రానికి ఏడా?"

"గుర్రం గోడ ఎక్కుతది గని, నేను దాన్ని రెండుసార్లు ఆడిన. పెద్దది ఒక్కసారికే యాష్టకొచ్చింది."

ఆ లెక్క ఆయనకు మింగుడు పడలేదు. పూర్వులు విద్వాంసుణ్ణి దోషజ్ఞుడన్నారు. దోషం తెలియడమే విద్య అని రాజనర్సుకు ఎవరూ చెప్పలేదు, ఆయన చెయ్యే చెప్పింది.

రెండువేల ఇరవై యొకటి చైత్రమాసంలో 'గాలిగుట్ట' అనే ఆట తీర్పుకు వచ్చింది. సూరత్ దగ్గరి బార్డోలీలో, చక్కెర మిల్లులో పనిచేసే తెలుగు ఫిట్టరు కొడుకు సుమన్ ఒక్కడే కూర్చొని రెండేళ్లు శ్రమించి చేసిన ఆట అది. తప్పిపోయిన మేకను వెంటబెట్టుకొని ఒక కాపరి గుట్ట ఎక్కాలి, అంతే కథ. దోషాలకు కొదవ లేదు. మేక వెనుకకాలు బండలోకి దిగిపోయేది. వంతెన నడుమ కాపరి ఉన్నట్టుండి ఆకాశంలోకి జారిపోయేవాడు. మాటలు సగంలో తెగేవి. ఆటను నిలిపివేసినా గడ్డి ఊగుతూనే ఉండేది, గాలి ఆగేది కాదు.

కాని ఆ గాలి! గుట్ట సగం ఎక్కేసరికి గదిలోకి చల్లగా, తుమ్మపూల వాసనతో, ఉదారంగా వీచింది. సూరత్ ఎండకు వాడిపోయిన నాలుగిళ్లవాళ్లు మూతులకు గుడ్డలు కట్టుకొని గుమ్మం దగ్గర చేరారు. మొండయ్య ఆట నడిపే చేతిమీట అందుకొని కాపరిని వంతెన మీదినుంచి వరుసగా ఆరుసార్లు జారవిడిచాడు.

"ఏంది మొండయ్యా, నీ సాంచ మీద పోగులు తెగినట్టు వీడు తెగుతనే ఉన్నడు," అంది విజయరాణి.

"వదినా, నేను పడేస్తలేను, వాడే దుంకుతుండు," అని మొండయ్య పగలబడి నవ్వాడు. కిందటి భాద్రపదంలో తమ్ముడు పోయిన తరువాత అతడు నవ్వగా ఎవరూ వినలేదు.

సింధూజ రెండు కాగితాల తీర్పు రాసి తండ్రికి తెలుగులో చదివి వినిపించింది. మొదటి కాగితంలో వరుసగా ఇరవై మూడు దోషాలు. రెండవ దాని నిండా గాలి, గడ్డి, మేక మెడలోని గంట, గుట్ట మీదికి చేరినప్పుడు కలిగే నిమ్మళం.

"రెండో కాయిదం దేనికి?" అన్నాడు రాజనర్సు.

"మంచి గూడ చెప్పాలె గద బాపు."

"మంచి చెప్పేటోడు బట్ట చూసే చెక్కర్ కాడు, అమ్మిపెట్టే దలాల్ అయితడు. నువ్వు ఐబు చూపెట్టు, తప్పు చూపెట్టు. మంచి కొనేటోళ్ల చేతికే తెలుస్తది."

"కొనకముందు ఆట చేతికి రాదు. బట్ట లెక్క పట్టి చూసేది కాదు."

"ముప్పైయొక్క ఏండ్లల నేను ఒక్క బట్ట తాకా మీద బాగుందని రాయలె. ఎవడన్న నన్ను తప్పు పట్టిండా?"

పొయ్యి దగ్గరినుంచి విజయరాణి అందుకొంది. "నా కూర గురించి గూడ ఎన్నడు అనలె బిడ్డా. ఉప్పు తక్కువైన నాడే ఆ నోరు తెరుస్తది."

సింధూజ నవ్వింది కాని, తండ్రి వృత్తి మీది గౌరవం కొద్దీ రెండవ కాగితాన్ని తీసివేసింది. చివర 'అయినా ఆడండి' అని ఒక్క వాక్యం ఉంచి, పదికి ఆరు మార్కులిచ్చి పంపింది.

పదిహేను రోజులు గడిచేసరికి విజయరాణికి జ్వరం తగిలింది, ఆపై ఊపిరి అందడం కష్టమైంది. మూడు ఆసుపత్రులలో విచారించారు, ఖాళీ మంచం లేదు. ఫోనులో వైద్యుడు మందులు చెప్పి, బోర్లా పడుకోబెట్టమన్నాడు. వేలికి తగిలించి ఆక్సిజన్ కొలిచే యంత్రం ఎనభై ఆరు చూపింది. సింధూజ 'గాలిగుట్ట' వేసి, కాపరిని శిఖరం దాకా నడిపించి, అక్కడ ఆటను నిలిపివేసింది. గాలి మాత్రం నిలవలేదు. తల్లి ముఖం మీదుగా ఎడతెగకుండా వీచింది. మధ్యాహ్నానికి యంత్రం తొంబై మూడు చూపింది.

మూడు రోజులు అలాగే గడిచాయి. నాలుగవ నాడు తెల్లవారేసరికి గదిలో ఉక్కపోత. టీవీ మీద కాపరి రాతిబొమ్మవలె నిలబడి ఉన్నాడు. ఒక్క గడ్డిపోచ కదలడం లేదు. కింద ఒక వాక్యం: 'ఆట సరిదిద్దబడింది. ఇరవై మూడు దోషాలు చూపిన వారికి కృతజ్ఞతలు.'

"పదిహేడోది గూడ తీసేసిండు బాపు," అంది సింధూజ.

పదిహేడవ దోషం గాలి ఆగకపోవడం. సింధూజ గబగబా చేతిమీట పట్టి కాపరిని నడిపింది. నడిచినంతసేపు సన్నని గాలి వచ్చింది, కరెంటు తక్కువైన నాటి ఫ్యానుగాలి వలె. ఆపితే అదీ లేదు. పాత ఆట తిరిగి పంపమని మాత్రమే సుమన్‌కు సందేశం రాసింది. కాసేపటికి జవాబు వచ్చింది. 'మీరు చెప్పినట్టే దిద్దాను. మళ్లీ చెడగొట్టమని అడగకండి. ఇక రాయకండి.' తరువాత అతడు ఫోను ఎత్తలేదు.

అప్పటికే జ్వరం వచ్చి తగ్గిన మొండయ్య లోపలికి వచ్చి చేతిమీట అందుకున్నాడు. రెండుసార్లు వంతెన దాటించి తల పంకించాడు.

"ఇప్పుడు పడ్తలేడు రాజన్నా. నేను దుంకిచ్చినా పడ్తలేడు. అన్ని సక్కగున్నయి, మజానే లేదు."

యంత్రం ఎనభై తొమ్మిది అంది. కొంతసేపటికి ఎనభై ఎనిమిది. రాజనర్సు చొక్కా తొడుక్కున్నాడు.

"ఎటు పోతవ్ బాపు?"

"బార్డోలీకి. ముడి ఏపిచ్చినోన్ని నేను. ఫోన్ల మాట్లాడితె ఐతదా?"

బార్డోలీ నుంచి తెచ్చిన కూరగాయలు దించి ఖాళీగా తిరిగిపోతున్న టెంపో ఒకటి దొరికింది. చెరకుతోటల నడుమ సాగిన ఆ గంట ప్రయాణంలో ఆయన ఏమి చెప్పాలో కూర్చుకోబోయాడు. ఇరవై మూడు దోషాలే వరుసగా నోటికి వచ్చాయి.

చక్కెర మిల్లు వెనుక కార్మికుల ఇళ్లలో ఫిట్టరు ఇల్లు అడిగి తట్టితే సుమన్ తలుపు తీశాడు. నిద్రలేమితో కళ్లు లోతుకు పోయిన పాతికేళ్లవాడు. వచ్చినది తీర్పరి తండ్రి అని తెలిసి ద్వారబంధానికి చెయ్యి ఆనించాడు.

"ఇంకోటి దొరికిందా కాకా? ఇరవై నాలుగోది?"

"లేదు బిడ్డా. నీ ఆట మంచిగున్నది."

అంతటితో రాజనర్సు ఆగిపోయాడు. ఆ మాట నోటికి కొత్త. తరువాత ఏమి రావాలో ఆయనకు తెలియదు. లోపమైతే చుక్క చుక్కనా పేరు పెట్టి చెప్పగలడు. బాగును ఎక్కడ పట్టుకోవాలి, ఏ అంచున ముడివేయాలి?

"అవునవును, అందరు నవ్విన్రు," అన్నాడు సుమన్. "మేక కాలు ఫోటో తీసి దోస్తులందరు ఫార్వర్డ్ చేసిన్రు. దిద్దినంక ఎవడు నవ్వలె. ఎవడు ఆడుతలేడు గూడ. అది వేరే సంగతి."

"మా పక్కన మొండయ్య అని ఉంటడు," అన్నాడు రాజనర్సు మెల్లగా. "వాని తమ్ముడు పోయిండు కిందటేడు. అప్పటిసంది వాడు పనికి పోయెటోడు, తినేటోడు, గంతే. నీ కాపరి వంతెన మీంచి దుంకుతుంటె నవ్విండు. ఆరుసార్లు నవ్విండు. ఇగ మా ఇంటామె... ఊపిరి అందుతలేదు ఆమెకు. గుట్ట మీద నువ్వు పెట్టిన గాలి ఉన్నది సూడు, దానితోని మూడు దినాలు బతికింది. తుమ్మపూల వాసన ఏస్తది అది. మా ఊరి బాట మీద గట్లనే ఏస్తది. నేనొచ్చి ముప్పై ఏండ్లాయె, ఎవనికి చెప్పలె."

సుమన్ ద్వారబంధం మీది చెయ్యి తీశాడు. "ఇవన్ని తీర్పుల ఎందుకు రాయలె కాకా?"

"రాసింది. నేనె తీసేపిచ్చిన. మా పనిల మంచి రాసే అలవాటు లేదు. తప్పు నాదే."

సుమన్ లోపలికి వెళ్లి తన కన్సోల్ వైర్లు ఊడదీశాడు. ఆట కట్టిన ఆ పెట్టెలో దిద్దకముందరి ప్రతి అలాగే ఉంది. దానిని ఒక తువ్వాలులో చుట్టి రాజనర్సు చేతిలో పెట్టి, స్కూటరు తీశాడు. దారిలో పోలీసు ఆపాడు.

"అందులో ఏముంది?" అని హిందీలో అడిగాడు.

"గాలి, సాబ్," అన్నాడు రాజనర్సు.

"ఎవరికి?"

"ఇంటామెకు."

పోలీసు తువ్వాలు కొస తొలగించి ఒకసారి ముఖం ఆనించి చూశాడు. లాఠీతో అడ్డుకర్ర పైకెత్తి, తొందరగా వెళ్లమన్నాడు.

వాళ్లు ఇల్లు చేరేసరికి యంత్రం ఎనభై నాలుగు చూపుతోంది. మొండయ్య వేళ్లు కొంకర్లు పోయాయి. అయినా ఆడుతూనే ఉన్నాడు. సుమన్ గుమ్మంలోనే నిలబడి ఏ తీగ ఎక్కడ తగిలించాలో చెప్పాడు, సింధూజ తగిలించింది. శిఖరం మీద మేక వెనుకకాలు బండలోకి దిగిపోయింది. ఆమె ఆటను నిలిపివేసింది. గడ్డి వంగింది. గాలి మంచం దాకా వచ్చి, విజయరాణి నుదుటి మీది చెమటను ఆర్చింది. ఎనభై ఏడు. తొంబై. దీపాల వేళకు తొంబై నాలుగు.

తరువాత వారంలో సుమన్ పాత ఆటను కూడా అందరికీ అందుబాటులో పెట్టాడు, దిద్దినది కావలసినవారికి దిద్దినది. సింధూజ తన తీర్పును తిరిగి ముందేసుకుంది.

"మార్కులు మార్చాల్నా బాపు?"

"ఆరు ఆరే ఉండనీ. ఐబులు ఉన్నయి గద, దాచిపెట్టుడు ఎందుకు? రెండో కాయిదం మాత్రం పెట్టు. తుమ్మపూల సంగతి మర్వకు."

పాత గాలి తిరిగి వచ్చిన పన్నెండవ నాడు మధ్యాహ్నం విజయరాణి తనంతట తానే లేచి గోడకు ఆనుకొని కూర్చుంది. చాలాసేపు టీవీలోని గుట్టను చూసింది. చేతులు రెండూ చీర కొంగులో దాచుకుంది.

"జర దాన్ని ఆపున్రి. సలి పెడ్తంది," అంది.

"ఆగదమ్మా," అంది సింధూజ.

రాజనర్సు లేచి, దుప్పటి తెచ్చి ఆమె భుజాల దాకా కప్పాడు.