గడ్డిలో చెవి

తాలు కాయని పక్కకి విసిరి, జయమణి ఎడమచేత్తో ఫోను తీసి చూసింది. ఇంకా ఒకటే టిక్కు.

జగ్గయ్యపేట నుంచి నందిగామ వెళ్లే దారిలో, రోడ్డుకి కాస్త లోపలగా ఉంటుంది ఆ మిరప కల్లం. పదకొండు సీజన్లుగా ఆవిడ కూర్చునేది ఈ టార్పాలిన్ పట్టా మీదే. ముక్కుకి తడిగుడ్డ, చీర మీద మగవాళ్ల పాత చొక్కా, ఘాటుకి ఎప్పుడూ ఎర్రగా ఉండే కళ్లు. కూర్చుని కూర్చుని నడుం ఇక నిటారుగా నిలవదు. కానీ ఎర్రటి కుప్పలో తెల్లబారిన తాలు కాయ ఎంత లోపలున్నా ఆవిడ కన్ను దాని మీదికే పోతుంది.

కొడుకు నెహెమ్యా జాంబియాలో ఒక సిమెంటు ఫ్యాక్టరీలో ఫిట్టరు. నెలాఖరుకి కాంట్రాక్టు అయిపోయి వచ్చేస్తాడు. ఈలోగా ఈస్టరు సెలవులొచ్చాయని అడవిలో ఏదో క్యాంపుకి వెళ్లాడు, పెళ్లిళ్లకి ఫోటోలు తీసిన రోజుల్లో కొనుక్కున్న కెమెరా పట్టుకుని. అక్కడ వానలు ఇప్పుడే వెలిశాయట. “పచ్చగా భలే ఉందమ్మా, జింకలన్నీ పిల్లలతో ఉన్నయ్” అని రాత్రి పద్నాలుగు ఫోటోలు పంపాడు. ఆవిడ తెల్లారి లేచి చూసుకుంది.

జింకల్ని చూడలేదు. గడ్డిని చూసింది.

భర్త ప్రేమానందం సున్నపురాయి క్వారీలో పోయింది కనపడని దాని వల్లే. రాయి పగలగొట్టే తూటాలన్నీ పేలాయి, ఇంకేం లేదు, దిగొచ్చు అన్నారు. ఒకటి మిగిలింది. అప్పటినుంచీ ఎవరైనా “ఏం లేదు” అంటే ఆవిడ నమ్మదు, తనే మళ్లీ చూసుకుంటుంది. అందుకే ఒక్కో ఫోటోని రెండు వేళ్లతో పెద్దది చేసి, ఆ అంచు నుంచి ఈ అంచుకి కుప్ప ఏరినట్టు ఏరింది.

తొమ్మిదో దాంట్లో, పాలు తాగుతున్న పిల్ల వెనకాల, కుడి పక్క గడ్డిలో గుండ్రటి చెవి ఒకటి ఉంది. చెవి కింద కన్ను. ఆ కన్ను జింకల వైపు లేదు, ఫోటో తీసేవాడి వైపు ఉంది. గడ్డి మొనలేమో ఆకాశానికి ఆనుతున్నాయి. అంటే వీడు బండి దిగి నేల మీద కూర్చున్నాడు.

“నాయనా, తొమ్మిదో ఫోటో చూడు. జింక వెనకాల ఉందిరా అది. బండి దిగమాక. నా మీద ఒట్టు” అని మాట పంపింది. క్యాంపు ఆఫీసు దగ్గర తప్ప అక్కడెక్కడా సిగ్నలు అందదు, అందుకే ఇంకా ఒకటే టిక్కు.

పక్కన కూర్చున్న లూర్దమ్మ, “నిన్న తీసిన ఫోటోలంటన్నావుగా? మరి ఆడ్ని తినేసి పులి పంపిందా ఏందే?” అంది. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు.

“నిన్నటి చోటికే ఇయ్యాల కూడా పోతాడు వదినా” అంది జయమణి.

కల్లం ఆసామి భవానీప్రసాద్ వచ్చి, ఆవిడ ఏరిన కాయల్లో చెయ్యి పెట్టి కలిపి చూశాడు. మూడు తెల్లకాయలు తీసి చూపించాడు.

“ఏంటి జయమణీ, నీ కుప్పలో తాలు?”

“చూసుకుంటానండి.”

నాలుగవుతుండగా ఫోను మోగింది.

“అమ్మా, ఎట్టా కనిపెట్టావమ్మా దాన్ని? గైడుకి కూడా కనపళ్లా.”

ఆవిడ ముక్కుకి కట్టిన తడిగుడ్డని కిందికి లాక్కుంది.

“బండి దిగావుగా” అంది.

“రెండు నిమిషాలేమ్మా. ముందు ఇది విను. క్యాంపు ఓనరుకి ఆ ఫోటో చూపించా. వానలకి గడ్డి ఇంత పెరిగాక చిరుతని పట్టే కన్ను ఎక్కడో గాని ఉండదంట. గెస్టుల్ని తిప్పుతా ఫోటోలు తియ్యమన్నాడు, ఇక్కడే ఉండిపొమ్మన్నాడు. ఎప్పట్నుంచో అనుకుంటన్నదే. సరేనన్నా.”

“నెలాఖరుకి వస్తానన్నావు.”

“వచ్చే ఏడాది చూద్దాంలేమ్మా.”

“దాన్ని నువ్వే చూశావని చెప్పావా?”

అవతల ఎవరో ఇంగ్లీషులో మాట్లాడుతున్నారు.

“ఆ... చెప్పా.”

“నీకు కనపళ్లేదు కదరా నాయనా.”

“అలవాటైపోద్దిలే. రోజూ ఫోటోలు పంపిస్తాగా, నువ్వు చూసి చెబుదువుగాని.”

“నాకు ఫోటో వచ్చేది నువ్వు తీసినాకే కదరా” అంది జయమణి. అది వాడికి వినపడిందో లేదో. బండి బయల్దేరుతోంది, గెస్టులు పిలుస్తున్నారని చెప్పి పెట్టేశాడు.

“ఏమంటాడు?” అని అడిగింది లూర్దమ్మ.

“బాగానే ఉన్నాడు.”

ఆవిడ మళ్లీ కాయల్లో చేతులు పెట్టింది. ఎరుపేదో తెలుపేదో తేలలేదు. లేచి, ఒంట్లో బాలేదని ఆసామికి చెప్పి, పట్టా దాటి గట్టెక్కింది. చైత్రమాసపు ఎండకి గట్టు మీద గడ్డి మడమల ఎత్తు కూడా లేదు. అయినా రోడ్డు దాకా ఒక్కో దుబ్బునీ చూసుకుంటూ, ఆగుతూ, మళ్లీ నడుస్తూ వెళ్లింది.

పొద్దు వాలాక మిగతావాళ్లూ ఆటో ఎక్కి వెళ్లిపోయారు. కల్లం పక్క రేకుల పాక గుంజకి ఆవిడ పొద్దున తగిలించిన అన్నం క్యారేజీ, మూత తియ్యకుండా అలాగే ఉంది; గుంజ వెంట పైకి పాకిన చీమల బారు దాని పిడి దగ్గర ఆగి, చుట్టూ తిరుగుతోంది.